నాలుగున్నర

జూన్ 3, మంగళవారం

పొద్దున చిన్న డాక్టరు చొక్కా గుండీలు ఒక మెట్టు తప్పాయి. పై గుండీ రెండో కాజాలో, రెండోది మూడో కాజాలో, అలా కిందిదాకా. మెట్ల దగ్గర ఎదురై గుడ్ మార్నింగ్ అన్నాడు. నేనూ అన్నాను. గుండీల సంగతి చెప్పలేదు.

చెప్పింది దర్జీ ఆవిడ. కంటి ఆసుపత్రిలో మా లెక్కల గది బయట వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. ఎడమ కంటి నల్లగుడ్డు మీద పుండు, దానికి కట్టు. ఉన్న ఒక్క కంటితోనే పట్టేసింది.

"డాక్టరుగారూ, అడుగున ఒక గుండీ ఇల్లు దొరక్క తిరుగుతోంది, కాస్త చూడండి."

వరండా అంతా నవ్వింది. అతను గోడవైపు తిరిగి సర్దుకున్నాడు.

"ఒంటి కంటికే ఇంత కనిపిస్తే, రెండోది కూడా బాగుచేశాక మా పరువేం మిగులుతుందమ్మా?"

"ముందు బాగుచెయ్యండి. పరువు చిరిగితే నేను కుడతాగా."

అలా మాట్లాడటం ఎవరు నేర్పుతారో. నేను తలుపు చాటునుంచి విని, వచ్చి కూర్చున్నాను.

పెద్ద డాక్టరుగారు పిలిచి పని అప్పజెప్పారు. దాతల కార్నియా కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఇప్పుడు పదిమంది. ఆయనా చిన్న డాక్టరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ పదిమందినీ చూసి, ఎవరికి ఎక్కువ తొందరో ఒకటి నుంచి పది దాకా వరుస రాస్తారు. రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో నేను లెక్కగట్టాలి.

"సున్నా పాయింట్ తొమ్మిది దాటిందనుకో, ఇక నుంచి అతనొక్కడే చూస్తాడు. నేను నిశ్చింతగా ఊళ్ళు తిరుగుతాను. దాటకపోతే ఇంకో ఏడాది నా వెనకే నిలబడతాడు."

చిన్న డాక్టరు పక్కనే ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

ఫారం తయారుచేశాను. పైన ఒక వాక్యం రాసి కింద గీత గీశాను: సమాన స్థానాలు ఇవ్వకండి. సమానాలు వస్తే అర అంకెలు వస్తాయి. అరలు వస్తే మామూలు సూత్రం కుదరదు, సవరణ వేయాలి.


జూన్ 4, బుధవారం

వదిన అడిగింది, ఈసారి ఏం లెక్క అని. చెప్పాను. పదిమందిని ఇద్దరు వరుసలో నిలబెడతారు. ఇద్దరి వరుసా ఒక్కటే అయితే ఒకటి. ఒకరి వరుసను తలకిందులు చేస్తే రెండోవాళ్ళది వచ్చేలా ఉంటే మైనస్ ఒకటి. ఏ పొంతనా లేకపోతే సున్నా.

"ఓస్, అంతేనా! నాకూ మీ అన్నయ్యకూ మైనస్ ఒకటి. ఫారం కూడా అక్కర్లేదు."

అన్నయ్య పేపరు దించకుండా, "కాదు, సున్నా. ఆవిడ ఏమంటుందో నేను వినను కదా" అన్నాడు.

వదిన పేపరు లాగేసింది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.


జూన్ 6, శుక్రవారం

ఫారాలు వచ్చాయి. చిన్న డాక్టరుది శుభ్రంగా ఉంది, పదిమందికి పది అంకెలు. పెద్ద డాక్టరుగారు నేను గీత గీసిన వాక్యం చదవలేదో, చదివి లక్ష్యపెట్టలేదో. గడియారాల ఆయనకూ దర్జీ ఆవిడకూ ఇద్దరికీ నాలుగు వేసి, బ్రాకెట్ పెట్టి, పక్కన "ఇద్దరూ ఒకటే" అని రాశారు.

గడియారాల ఆయన, అదే గడియారాలు బాగుచేసేవాడు, కిటికీ పక్కన కూర్చుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. మొన్న నర్సమ్మ వాచీ ఆగిపోతే కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే వెనక మూత తీసి, ఏదో తిప్పి ఇచ్చాడు. అది నడుస్తోంది.

అడుగుదామని పెద్ద డాక్టరుగారి గదిదాకా వెళ్ళాను. ఫోన్లో ఉన్నారు. తిరిగి వచ్చేశాను.

నియమం తెలుసు. నాలుగు, అయిదు స్థానాలను కలిపి సగం చేసి ఇద్దరికీ నాలుగున్నర ఇవ్వాలి. కానీ నాలుగున్నరో మనిషి అంటూ ఎవరూ ఉండరు. ఫైలు నంబర్ల ప్రకారం గడియారాల ఆయన ముందు. ఆయనకు నాలుగు, ఆవిడకు అయిదు ఇచ్చాను. లెక్క కోసమే కదా.

0.903. దాటింది.

చిన్న డాక్టరు తలుపు తోసుకుని వచ్చి, "ఎంత?" అన్నాడు. చూపించాను.  తర్వాత నా బల్ల మీది డబ్బాలోంచి, అడగకుండానే, ఒక బిస్కెట్ తీసుకుని తిన్నాడు. రెండేళ్ళలో ఆ డబ్బాకేసి అతను చూసిన గుర్తే లేదు నాకు.

"మీ పుణ్యమా అని ఒక ఏడాది కలిసొచ్చిందండీ" అన్నాడు.

"నాదేముందండీ, లెక్కది" అన్నాను.

సాఫు ప్రతి టైపు చేశాను. ఎడమవైపు పెద్ద డాక్టరుగారి వరుస, కుడివైపు చిన్న డాక్టరుది, కింద జవాబు. బాగుంది. ఎక్కడా కొట్టివేత లేదు. ఒక కాపీ నర్సమ్మకు ఇమ్మన్నారు పెద్ద డాక్టరుగారు. ఇచ్చాను.


జూన్ 9, సోమవారం

పెద్ద డాక్టరుగారు ఊరికి వెళ్ళారు. సభలట. రెండున్నర వారాలు.


జూన్ 10, మంగళవారం

మధ్యాహ్నం మంచినీళ్ళకు వెళ్తుంటే దర్జీ ఆవిడ నా కోటు అంచు పట్టుకుని ఆపింది.

"ఏం రాస్తుంటావమ్మా ఆ గదిలో, పొద్దస్తమానం?"

"లెక్కలండీ."

"ఎవరి లెక్కలు?"

"మీ అందరివే."

"అయితే నాకెంతొచ్చింది?"

చెప్పకూడదు. కానీ ఆవిడ అడిగే తీరుకు నోరు జారింది. "అయిదు" అన్నాను.

"పదికి అయిదా! పాసయ్యాను కదే!" పక్కనున్నావిడను మోచేత్తో పొడిచింది. "విన్నావా? చిన్నప్పుడు బళ్ళో ఒక్కసారీ అయిదు రాలేదు నాకు."

నేనూ నవ్వాను.


జూన్ 12, గురువారం

ఒకేసారి నాలుగు కార్నియాలు వచ్చాయి. ఇలా ఎప్పుడో గాని జరగదట. బయటినుంచి ఒక సర్జన్ వచ్చాడు. అతనూ చిన్న డాక్టరూ రెండు బల్లల మీద మొదలుపెట్టారు.

నర్సమ్మ వరండాలోకి వచ్చి నలుగురి పేర్లు పిలిచింది. చేతిలో నేను టైపు చేసిన కాగితం. తలుపు తెరిచే ఉంది, అన్నీ వినిపించాయి.

"నన్ను పిలవలేదేం?" అంది దర్జీ ఆవిడ.

"నీది అయిదో నంబరమ్మా. వచ్చినవి నాలుగే. ఈసారి వచ్చేవాటిలో మొదటిది నీదే, బెంగపడకు."

"ఎవరేశారు అయిదు?"

"పెద్ద డాక్టరుగారే. ఇదిగో, కాగితం."

ఆవిడ కంటి కట్టు సర్దుకుంది. కాసేపటికి, "పాసయితే చాలదన్నమాట" అంది. ఎవరూ నవ్వలేదు.

నేను లేచి నిలబడ్డాను. వెళ్ళి నర్సమ్మకు చెప్పడానికి ఏముంది? ఆ కాగితం పిలవడానికి కాదని చెప్పాలి. అప్పటికే గడియారాల ఆయనను చక్రాల కుర్చీలో తీసుకెళ్తున్నారు. కూర్చున్నాను.

అయినా చిన్న డాక్టరు కూడా ఆయననే నాలుగులో రాశాడు, ఆవిడను అయిదులో. పెద్ద డాక్టరుగారు ఎటూ చెప్పనప్పుడు రెండోవారి మాట తీసుకోవడం సబబే. నేనూ అదే కదా చేశాను.


జూన్ 13, శుక్రవారం

కార్నియాలు రాలేదు.


జూన్ 14, శనివారం

రాలేదు. నర్సమ్మను రెండుసార్లు అడిగాను. "నీకెందుకమ్మా అంత ఆత్రం?" అంది.


జూన్ 16, సోమవారం

బల్ల మీద దర్జీ ఆవిడ లేదు. వార్డులో పడుకోబెట్టారట. చుక్కల మందు గంటగంటకీ వేస్తున్నారు. చూడటానికి వెళ్ళాలి.

వెళ్ళలేదు. ఒక పట్టిక సరిచూడాల్సి వచ్చింది.


జూన్ 17, మంగళవారం

తెల్లవారుజామున కన్ను పగిలింది. నర్సమ్మ మాట అదే. పుండు లోతుకు తినేసి, లోపలి నీరు బయటికి వచ్చేసిందట. మధ్యాహ్నానికి ఆ కన్ను తీసేశారు.

చిన్న డాక్టరు చేతులు కడుక్కుంటూ చాలాసేపు నీళ్ళు వదిలేసి నిలబడ్డాడు. నేను అటుగా వెళ్ళినా అతను నన్ను చూడలేదు.

సాయంత్రం రెండు కార్నియాలు వచ్చాయి.


జూన్ 18, బుధవారం

గడియారాల ఆయన పెద్దవాడు. పెద్దవాళ్ళను ముందు చూడటం ఎక్కడైనా ఉన్నదే.


జూన్ 20, శుక్రవారం

చిన్న డాక్టరును అడిగాను. రెండు రోజులుగా అడగాలని. కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తూ అడిగాను.

"ఆ ఫారంలో... గడియారాల ఆయనకు నాలుగు, దర్జీ ఆవిడకు అయిదు వేశారు కదండీ. ఎందుకని?"

"ఎందుకని అంటే?"

"అంటే, ఏం తేడా చూసి?"

అతను కళ్ళు నులుముకున్నాడు. "తేడా ఏముందండీ? పుండు అదే సైజు, అదే లోతు. రెండుసార్లు కొలిచాను. మీరే కదా సమానాలు ఇవ్వొద్దని రాశారు, కింద గీత కూడా గీశారు. ఆయన ముందు కుర్చీలో కూర్చున్నాడు, ముందు చూశాను. నాలుగు వేశాను."

"అంతేనా?"

"అంతే. ఎందుకు, ఏమైంది?"

"ఏం లేదు" అన్నాను.

అతను వెళ్ళబోతూ ఆగి, "ఆవిడ కన్ను వారం రోజులు తట్టుకుంటుందనుకున్నాను" అన్నాడు. నాతో కాదు.


జూన్ 22, ఆదివారం

వదినతో చెప్పాను. నా సంగతిగా కాదు. ఆఫీసులో ఒకమ్మాయి, ఇద్దరు సమానంగా ఉంటే ఒకరిని ముందు రాయాల్సి వచ్చింది, రెండోవారికి నష్టం జరిగింది, అని.

వదిన బట్టలు మడతపెడుతోంది. "ఇద్దరు పిల్లలు ఒకేసారి ఏడిస్తే ఎవరి ఏడుపు పెద్దదని తక్కెడలో వేస్తామా? పరిగెత్తుకెళ్ళి చూస్తాం. చూశాక, ఎవరినో ఒకరినే ఎత్తుకోగలం అనుకో, ఎత్తుకుంటాం. రెండోవాడు ఏడుస్తాడు. కానీ చూస్తాం కదా ముందు."

"ఆ అమ్మాయికి చూసే అవకాశం లేదు వదినా. ఆమె లెక్క మాత్రమే చేసేది."

"కళ్ళు లేవా ఆవిడకి?"

 వదిన ఒక దుప్పటి కొస నా చేతికిచ్చింది. ఇద్దరం కలిసి మడతపెట్టాం.

"ఆ అమ్మాయి కూడా నీలాగే వారం రోజులనుంచి కంచంలో మెతుకులు లెక్కపెడుతోందా?" అంది.


జూన్ 23, సోమవారం

ఆ శుక్రవారం గురించి ఇక్కడ రాసింది మళ్ళీ చదివాను. ఫైలు నంబర్ల ప్రకారం ఇచ్చానని రాశాను. గురువారం నాడు చిన్న డాక్టరు వరుస ప్రకారం అని రాశాను. బుధవారం వయసు ప్రకారం అని. మూడూ చక్కగా ఉన్నాయి. మూడూ నా చేతిరాతే.

జరిగింది ఇది. ముందు నాలుగున్నరలతోనే చేశాను. సవరణ వేసి, పద్ధతిగా. 0.8997 వచ్చింది. రెండోసారి చేశాను. అదే. సున్నా పాయింట్ తొమ్మిదికి పదివేలలో మూడు వంతులు తక్కువ. రెండు దశాంశ స్థానాలకు కుదిస్తే 0.90 అవుతుంది, కానీ పెద్ద డాక్టరుగారు దాటాలన్నారు. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం గుర్తొచ్చింది. అప్పుడు ఇద్దరినీ విడదీశాను. ఎటు విడదీస్తే అంకె పెరుగుతుందో లెక్క తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు: అతను రాసిన వైపు. ఆవిడకు నాలుగు ఇచ్చి ఉంటే 0.891. ఆ తర్వాతే ఫైలు నంబర్లు తీసి చూశాను. అవీ కలిసొచ్చాయి.

కాన్వెంటు స్కూల్లో లెక్కలు చెప్పే మదర్ రబ్బరు వాడనిచ్చేది కాదు. తప్పు అంకె మీద ఒక్కటే గీత గీయాలి, కింద అంకె కనిపించాలి. "నువ్వెక్కడ పొరబడ్డావో నాకు తెలియాలమ్మా, తెలియకపోతే నేనేం నేర్పను?" అనేది. రబ్బరు కాలేజీకి వచ్చాక కొనుక్కున్నాను.

ఇవాళ ఇంకొకటి చేశాను. చిన్న డాక్టరుకు కూడా ఆ ఇద్దరూ సమానమే. నా వాక్యం లేకపోతే అతనూ ఇద్దరికీ ఒకే అంకె వేసేవాడు. అలా ఉంచి చేశాను. ఇద్దరి ఫారాల్లోనూ నాలుగున్నర, నాలుగున్నర.

0.902.

దాటేది. ఆ వాక్యం రాయకుండా, ఏమీ ముట్టుకోకుండా వదిలేసినా దాటేది.


జూన్ 24, మంగళవారం

అతనికి చెప్పాలా. ఎవరికి చెప్పాలి.


జూన్ 25, బుధవారం

చెప్పలేదు.


జూన్ 27, శుక్రవారం

పెద్ద డాక్టరుగారు వచ్చారు. పదకొండు గంటలకు వెళ్ళాను. ఫోన్లో ఉన్నారు. ఈసారి గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కూర్చోమని చేత్తో సైగ చేశారు. కూర్చోలేదు.

చెప్పాను. రాసుకెళ్ళిన కాగితం చూసి చదివాను, లేకపోతే మధ్యలో ఆగిపోతాను. 0.8997 అన్నచోట తడబడ్డాను. మళ్ళీ చదివాను.

ఆయన తన ఫారం తెప్పించుకుని, కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"'ఇద్దరూ ఒకటే' అని రాశాను. నువ్వేం చదివావు?"

"స్థానం ఇవ్వలేదని సార్."

"ఇచ్చాను. అదే స్థానం. అంటే, కార్నియా వచ్చిన రోజున ఈ ఇద్దరినీ మళ్ళీ చూడండి అని. పుండు రోజుకో రకంగా ఉంటుంది. ఆ మాట ఆ కాగితం మీద ఉంటే నర్సమ్మ నాకు ఫోన్ చేసేది. నేను చూడమనేవాణ్ణి. చూస్తే ఏమయ్యేదో నాకూ తెలియదు."

ఫారం పైన గీత గీసిన వాక్యం మీద వేలు పెట్టారు. "ఇది నేను చదవలేదు. జరిగినదాని మీద నువ్వు రాసే నివేదికలో అదీ రాయి. పెద్ద డాక్టరు ఫారం చదవలేదు అని."

"సార్..."

"రాయమంటున్నాను. నీ ఒక్కదాని పేరే ఉంటే, రేపు ఎవరైనా లెక్కలమ్మాయిని మార్చేసి ఫారం అలాగే ఉంచుతారు." ఫారం పక్కన పెట్టి, "సమానాలు ఉంచితే ఎంతొస్తుంది?" అన్నారు.

"0.902 సార్."

"దాటిందే."

"దాటింది సార్."

ఆయన నావైపు చూశారు. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. కలం మూత పెట్టి, తర్వాతి పేషెంటును పంపమన్నారు.


జూన్ 30, సోమవారం

ఇక ఒక్కడే చూడొచ్చని చిన్న డాక్టరుకు ఉత్తర్వు వచ్చింది. పెద్ద డాక్టరుగారు సంగతంతా అతనికి చెప్పినట్టున్నారు. మెట్ల దగ్గర ఎదురయ్యాడు.

"నాకోసం చేశారా?" అన్నాడు.

కాదనడానికి నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను. అదే జవాబైపోయింది.

"నేను అడగలేదండీ" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అన్నా బాగుండేది. "ఇప్పుడు ఎవరు అభినందించినా ఆవిడ గుర్తొస్తుంది నాకు."

ఒక మెట్టు పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు.


జూలై 1, మంగళవారం

కొత్త ఫారం ఇచ్చాను. సమానంగా ఉంటే సమానమనే రాయండి. సమానమైనవారిని పిలిచేముందు మళ్ళీ చూడండి. గీత గీయలేదు.

నర్సమ్మ చదివి, "ఇది ముందే ఉంటే" అంది. అని, నా మొహం చూసి, మిగతాది మింగేసింది.


జూలై 4, శుక్రవారం

ఇవాళ దర్జీ ఆవిడను ఇంటికి పంపుతున్నారు. పొద్దుటినుంచి మా గది బయట బల్ల మీదే ఉంది, అక్క కోసం ఎదురుచూస్తూ. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒళ్ళో ఒక చిన్న గుడ్డముక్క, సూది, దారం.

తలుపు తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండేళ్ళలో ఆ బల్ల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. గట్టిగా ఉంది.

ఆవిడ దారం కొస నోట్లో తడిచేసి, సూది బెజ్జం వైపు తెచ్చింది. పక్కనుంచి పోయింది. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ పక్కకే.

"ఒంటి కంటికి దగ్గరా దూరం తెలీదటమ్మా. కొన్నాళ్ళకు అలవాటవుతుందన్నాడు చిన్న డాక్టరు. బెజ్జం కనిపిస్తూనే ఉంటుంది, తీరా పెడితే అక్కడ ఉండదు. దొంగది."

"ఎక్కించి ఇవ్వనా?"

"వద్దు. రేపు నువ్వొస్తావా మా ఇంటికి?"

అప్పుడు చెప్పాను. కాగితం లేకుండా చెప్పాను. పెద్ద డాక్టరుగారు మీకు అయిదు వేయలేదండీ, మీ ఇద్దరూ ఒకటే అని రాశారు, అయిదు వేసింది నేను. లెక్క కోసం వేశాను. ఆ కాగితం చూసే పిలిచారు.

సూది ఆగిపోయింది.

"నువ్వా?"

"నేనే."

"నాకు అయిదొచ్చిందని చెప్పినప్పుడు, అది నువ్వేసిందేనా?"

"అవునండీ."

ఆవిడ సూదిని గుడ్డకు గుచ్చి, గుడ్డను మడిచి, ఆ మడతను మళ్ళీ మడిచింది. వరండాలో ఎవరో దగ్గుతున్నారు. ఆవిడ ఏదో ఒక హాస్యం ఆడుతుందని ఎదురుచూశాను. ఆ ఆశ ఉన్నట్టు అప్పుడే తెలిసింది నాకు. సిగ్గేసింది.

"ఆ గదికీ ఈ బల్లకీ మధ్య తలుపొకటే కదమ్మా" అంది చివరికి. "వేసేముందు ఒక్కసారి తీసి చూడాల్సింది. చూసి అయిదేసినా పోనీ అనుకుందును."

"క్షమించండి" అన్నాను. ఆ మాట అంత చిన్నదని తెలియదు.

"ఏమో. ఇప్పుడైతే నావల్ల కాదు." అబద్ధం ఆడదు ఆవిడ. "ఒక్కటి చెప్పు. ఆయనకి అయిదేసి నాకు నాలుగేసి ఉంటే, ఆయన దగ్గరికెళ్ళి ఇలాగే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని" అన్నాను. తర్వాత, "తెలియదండీ" అన్నాను.

"ఊఁ." మెట్లవైపు తల తిప్పింది. ఎడమవైపు నేనున్నాను, అటు కన్ను లేదు. నన్ను చూడాలంటే తల మొత్తం తిప్పాలి. తిప్పలేదు. "ఇంతకీ ఆయనకెలా ఉంది? కిటికీ దగ్గర కూర్చునేవాడు, పాపం, ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. చూపొచ్చిందా?"

తెలియదన్నాను.

వాళ్ళ అక్క వచ్చింది. ఇద్దరూ మెట్లు దిగారు. ఆవిడ ప్రతి మెట్టునూ ముందు కాలితో తడిమి, తర్వాత దిగింది.

తెలుసు. ఆయన కట్టు విప్పిన రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను, చూపు కొలత రాసుకోవడానికి. ఆయన మొదట మా అందరి మొహాలూ చూశాడు. తర్వాత గోడ గడియారం చూసి, నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.